నీళ్లలో రెండో స్తంభం

ప్రియమైన సూదికి,

చేరాను. పడవలో వచ్చినంతసేపూ పొగమంచే. సరంగు దారి ఎలా పోల్చుకున్నాడో అతనికే తెలియాలి. దీవి అంటే పెద్దగా ఊహించుకోకు. సరస్సు మధ్యలో ఎవరో బోర్లించి మరిచిపోయిన పళ్లెంలా ఉంది. గులకరాళ్లు, పిట్టలు, ఒక రేకుల గది, మా రేడియో స్తంభం. మనుషులం ఇద్దరమే, నేనూ మోకులు లాగే పెద్దాయనా. ఆయన రోజుకి నాలుగు మాటలు మాట్లాడితే అందులో రెండు పిట్టలతోనే.

బయల్దేరేటప్పుడు నువ్వు గుమ్మం దాకా రాలేదు. కిటికీ దగ్గరే నిలబడి, "ఈసారి నేను ఎదురుచూడను" అన్నావు. తొమ్మిదేళ్లుగా నా ప్రతి ప్రయాణానికీ ఏదో ఒకటి అంటూనే ఉన్నావు కాబట్టి నవ్వేసి మెట్లు దిగాను. తీరా పడవెక్కాక ఆ మాట చెవిలోంచి పోవడం లేదు. కోపంలో అన్నదేనా?

సరే, ఇక్కడి పని ఏమిటో చెబుతాను, విసుక్కోకు. పడవల వాళ్లకి గాలి సంగతీ మంచు సంగతీ చెప్పడానికి ఈ రేడియో. స్తంభం మీద యాంటెన్నాని కప్పీతో పైకీ కిందికీ జరపవచ్చు. ఏ ఎత్తులో ఆపాలో తేల్చడమే నా పని. ఎంత ఎత్తైతే అంత మంచిది కదా అంటావు. అందరికీ కాదు. యాంటెన్నా నుంచి గొంతు ఒక్క దారిన పోదు. ఒకటి నేరుగా గాలిలో వస్తుంది. ఇంకొకటి నీళ్ల మీద పడి, అక్కడినుంచి లేచి, కాస్త చుట్టు తిరిగి నీ దగ్గరకి వస్తుంది. పొడి నేలైతే కొంత మింగేస్తుంది. నీళ్లు అలా కాదు, తీసుకున్నదంతా తిరిగి ఇచ్చేస్తాయి, కాకపోతే తలకిందులు చేసి ఇస్తాయి. నీళ్లలో ఇంకో స్తంభం తలకిందులుగా నిలబడి, దాని మీంచి ఇంకో నేను మాట్లాడుతున్నట్టే లెక్క.

ఒకే ఊయలని ఇద్దరు ఊపుతున్నారనుకో. ఇద్దరూ ఒకేసారి ఒకే వైపు తోస్తే ఊయల ఆకాశానికి పోతుంది. ఒకరు తోస్తుంటే ఇంకొకరు ఎదురు తోస్తే కదలకుండా నిలబడుతుంది. ఆ రెండు గొంతులూ అంతే. కొన్ని చోట్ల కలిసి రెట్టింపవుతాయి, కొన్ని చోట్ల ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. ఏ చోట ఏమవుతుందనేది యాంటెన్నా ఎత్తుని బట్టీ, వినేవాళ్లు నిలబడిన ఎత్తుని బట్టీ ఉంటుంది.

మన ఇల్లు కొండ మీద కదా. ఆ మూడో అంతస్తు కిటికీకి అన్నిటికన్నా బాగా వినిపించే ఎత్తు ఎంతో ముందే లెక్కగట్టాను, స్తంభంలో సగం. అందుకే పరీక్షలు అక్కడే మొదలుపెడుతున్నాను. ఈ సంగతి పెద్ద ఇంజనీరుగారికి తెలియనక్కర్లేదు.

రోజూ పొద్దుగూకే వేళ ఒకటి నుంచి పది దాకా చదువుతాను. సొంత మాటలు కూడదని రూలు. కాబట్టి మూడుకీ నాలుగుకీ మధ్య ఒక చిన్న దగ్గు దగ్గుతాను, అది నీకు. నేను చేసిచ్చిన పెట్టె కిటికీలో పెట్టుకుని విను. అది వినేదే గానీ మాట్లాడేది కాదు కాబట్టి, ఎలా వినిపించిందో వారానికోసారి వచ్చే ఈ పడవకి ఉత్తరంలో రాసి పంపు.

నీ స్తంభం


ప్రియమైన స్తంభంగారికి,

క్షేమం. ఉత్తరం సరంగు నా చేతికే ఇచ్చాడు.

మీరు రాసిందంతా రెండుసార్లు చదివాను. పైన ఉన్న మీరు ఒకటి చెబితే నీళ్లలో ఉన్న మీరు దానికి అడ్డం తిరుగుతారన్నమాట. ఇందులో కొత్తేముంది? పెళ్లయినప్పటినుంచీ నేను చూస్తున్నది అదే కదా. "రేపు వచ్చేస్తా" అని ఒకరు, "ఇంకో స్తంభం ఉంది" అని ఇంకొకరు.

వినడం సంగతి. మొదటి రోజు పెట్టెలో సన్నటి హోరు తప్ప ఏమీ లేదు. రెండో రోజు నుంచి వినిపిస్తున్నారు, కానీ చాలా దూరంగా, పక్కగదిలో ఎవరో నిద్రలో అంకెలు పలవరిస్తున్నట్టు. ఐదు ఉంటుంది, ఆరు ఉండదు. పెట్టెకి చెవి ఆనించుకుని కళ్లు మూసుకుంటే దగ్గు మాత్రం తెలుస్తోంది. దగ్గు కూడా మీలాగే మొహమాటంగా ఉంది. అది విన్నాక కాసేపు ఏ పనీ తోచక అలా నీళ్ల చప్పుడు వింటూ కూర్చున్నాను.

ఇక్కడ అంతా మామూలే. వేలికి దబ్బనం గుచ్చుకుని రెండు రోజులు పెన్ను పట్టలేకపోయాను, ఉత్తరం పొట్టిగా ఉందని అలగకండి. కింది ఇంటి పిన్నిగారు కులాసా. తారు వాసనకి తలనొప్పి వస్తుందనుకున్నాను గానీ అలవాటైపోయింది.

కోపంలో అన్నదేనా అని అడిగారు. ఆలోచించి చెబుతాను.

మీ సూది


ప్రియమైన సూదికి,

నీ ఉత్తరం నన్ను నిద్రపోనివ్వలేదు. పలవరింతలా వినిపించడమేమిటి? సగం ఎత్తులో మన కిటికీకి నా గొంతు చెంప మీద కొట్టినట్టు వినపడాలి. తప్పు నా వైపే ఉంటుందని వారమంతా స్తంభం మీదే ఉన్నాను. తీగల అతుకులన్నీ విప్పి తుడిచి మళ్లీ బిగించాను. ఒక గొట్టంలో చెంచాడు నీళ్లు చేరాయి. దొరికాడు దొంగ అని గంతేశాను, ఆరబెట్టాక కూడా తేడా ఏమీ లేదు. మోకుల పెద్దాయన కిందనుంచి చూసి చూసి, "కోడలు పెట్టె బ్యాటరీ మార్చిందా?" అన్నాడు. ఆయన ఆ రోజు మాటల కోటా అక్కడితో అయిపోయింది. నిజంగానే మార్చావా? పెట్టెని వంటగది కిటికీలో కూడా పెట్టి చూడు.

దబ్బనంతో నీకేం పని? గోనెసంచులు కుడుతున్నావా ఏమిటి? తారు వాసన ఎక్కడిది, మేడ మీద తారు పోయిస్తున్నారా? ఇంటివాడికి చెప్పి తొందరగా కానిమ్మను.

ఇక్కడ సాయంత్రాలు ఎలా ఉంటాయో నీకు చూపించాలనుంది. గాలి పడిపోయాక సరస్సు కదలదు. గట్టు మీద నిలబడి చూస్తే స్తంభం కాళ్ల దగ్గర ఇంకో స్తంభం మొదలై కిందికి, ఎక్కడో ఆకాశం దాకా పోతుంది. దాని చివర చిన్న ఎర్రదీపం. అప్పుడు కళ్లు మూసుకుని ఇంటికి వస్తాను. మెట్లెక్కుతాను, మూడో మెట్టు కదులుతుంది, తలుపు తీస్తే నువ్వు కిటికీ దగ్గర వీపు ఇటు పెట్టి కూర్చుని ఏదో కుట్టుకుంటూ ఉంటావు. నేను వచ్చానని తెలిసీ తిరగవు. ఆ కిటికీ ఒకటి లేకపోతే ఇలాంటి దీవుల్లో నేను ఒక్క వారం ఉండలేను.

అసలు చిక్కు ఒకటి ఉంది. ఎత్తు సగం దాటి పైకి తీసుకెళ్లేకొద్దీ మన ఇంటికి గొంతు తగ్గుతూ వస్తుంది. స్తంభం చివరికి చేరిస్తే, నేరుగా వచ్చేదీ నీళ్ల మీంచి వచ్చేదీ మన కిటికీలో సరిగ్గా ఎదురుబొదురై నిలబడతాయి. నేను గొంతు చించుకున్నా నీకు వినపడను. పడవలకైతే పూర్తి ఎత్తే మంచిది. సగంలో కూడా వాళ్లకి కాస్తో కూస్తో వినపడుతుందిలే. "సగం ఎత్తు చాలు" అని పెద్ద ఇంజనీరుగారికి రాసేద్దామా అని చూస్తున్నాను. నువ్వేమంటావు?

నీ స్తంభం


ప్రియమైన స్తంభంగారికి,

మీరు అడిగారు కాబట్టి చెబుతున్నాను. యాంటెన్నా పైకి తీసుకెళ్లండి.

కాస్తో కూస్తో వినపడుతుందన్నారే, ఆ కాస్తే వాళ్లకి వినపడటం లేదు. మొన్న పొద్దున్న మంచు పట్టింది. మీ దీవి నుంచి చదివారట, "దక్షిణం వైపు దట్టంగా ఉంది, ఆగండి" అని. రేవు దాటిన పడవల్లో ఒక్కదానికి కూడా ఆ మాట అందలేదు. మన సరంగు పెట్టె చెవి దగ్గర పెట్టుకుంటే బియ్యం చెరుగుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదట. జనంతో ఉన్న పెద్ద పడవ రెల్లు వైపు రాళ్ల మీదకి ఎక్కేసింది. అందరూ నడుం లోతు నీళ్లలో నిలబడి ఒకరి చేయి ఒకరు పట్టుకుని మధ్యాహ్నం దాకా కేకలు వేశారు. కేకలు ఎటునుంచి వస్తున్నాయో మంచులో తెలియదు కదా. చంకలో పిల్లతో ఉన్న ఒకావిడని చివరికి తాడు వేసి లాగారు. ఎవరికీ ఏమీ కాలేదు. కాకపోవడం మన అదృష్టం, మీ లెక్క కాదు.

గట్టు మీద నిలబడి ఆ కేకలు విన్నాను. నా చేతిలో మీరు చేసిచ్చిన పెట్టే ఉంది. అందులోంచి మీరు అందీ అందకుండా, ఏమీ ఎరగనట్టు, ఏదో చదువుతున్నారు. నాకు ఎంత కోపం వచ్చిందో రాయలేను. ఒక కిటికీ కోసం అంతమందిని నీళ్లలో నిలబెట్టారు. ఆ కిటికీ దగ్గర నేను ఏం చేస్తుంటానో మీరు ఊహించుకుంటారు గానీ ఒక్కసారైనా అడిగారా?

పైకి తీసుకెళ్లండి. నా గురించి చూడకండి.

మీ సూది


ప్రియమైన సూదికి,

ఉత్తరం అందిన పూటే కప్పీకి మోకు వేశాం. జవాబు చెప్పుకునే మొహం లేదు. పెద్ద ఇంజనీరుగారికి "పూర్తి ఎత్తు" అని రాసి పంపించేశాను. మోకుల పెద్దాయన లాగుతూ లాగుతూ, "ఇది ముందే చేయాల్సింది బాబూ" అన్నాడు. అవునంటూ నేనూ మోకు పట్టాను.

ఈ సాయంత్రం నుంచి నేను చదివేది నీకు వినపడదు. అయినా మూడు తర్వాత దగ్గుతాను. అలవాటైపోయింది. నువ్వు పెట్టె తీసి అటక మీద పెట్టేసినా ఏమీ అనుకోను. ఇకనుంచి మనకి ఉత్తరాలే దిక్కు. ఆ కిటికీ దగ్గర ఏం చేస్తుంటావో రాయి. అడగలేదన్నావు కదా, ఇప్పుడు అడుగుతున్నాను.

నీ స్తంభం


ప్రియమైన స్తంభంగారికి,

ఈ ఉత్తరం రెండుసార్లు మొదలుపెట్టి చింపేశాను. ఇది మూడోది. చింపే ఓపిక లేదు, ఇదే పంపుతున్నాను.

విన్నాను.

పొద్దుగూకింది. నీళ్ల మీద ఎరుపు పోయి బూడిదరంగు వచ్చేసింది. వినపడరని తెలిసి కూడా పెట్టె తిప్పాను, మీరు అటక మీద పెట్టుకోమన్నారు గానీ నాకు అటకే అందదు. హోరులోంచి ఒకటి వచ్చింది. రెండు వచ్చింది. ఎక్కడినుంచో వస్తున్నట్టు లేదు, గదిలో కూర్చుని చెబుతున్నట్టే ఉంది. మూడు చెప్పాక మీరు ఊపిరి తీసుకోవడం కూడా వినిపించింది. తర్వాత దగ్గు. గబుక్కున లేచి వెనక్కి తిరిగి చూశాను. ఎవరూ లేరని తెలుసు, అయినా కాసేపు గుమ్మం వైపే చూస్తూ నిలబడ్డాను. పది దాకా ఒక్క అంకె కూడా జారిపోలేదు.

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. పడవల వాళ్లు కూడా వినపడుతోందని చెప్పుకుంటున్నారు. సరంగు మీకు దండాలు చెప్పమన్నాడు.

ఇంత బాగా మీరు నాకెప్పుడూ వినపడలేదు.

మీ సూది


ప్రియమైన సూదికి,

పోయిన వారం పడవ వచ్చి వెళ్లింది, నేను ఉత్తరం ఇవ్వలేదు. ఎందుకో చెబుతాను.

నీ ఉత్తరం చదివి ముందు పిల్లాడిలా గంతేశాను. తర్వాత కూర్చున్నాను. కూర్చుంటే లెక్క వేయకుండా ఉండలేనని నీకు తెలుసు. కొండ మీది ఇంట్లో వినేవాళ్లకి సగం ఎత్తులో గట్టిగా వినపడాలి, పూర్తి ఎత్తులో అసలు వినపడకూడదు. నీకు సరిగ్గా దానికి తలకిందులుగా జరిగింది. అలా ఎవరికి జరుగుతుందో నాకు బాగా తెలుసు, పడవల వాళ్లకి. నీళ్లకి దగ్గరగా ఉన్నవాళ్లకి రెండు దారులూ దాదాపు ఒకే పొడవు. ఒక గొంతు తలకిందులై వస్తుంది కాబట్టి రెండూ ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. యాంటెన్నా పైకి పోయేకొద్దీ ఆ దారుల్లో తేడా పెరిగి గొంతు తేలుతుంది.

తీగలో తప్పేమీ లేదు. నీ బ్యాటరీ బాగానే ఉంది. నువ్వు ఆ ఇంట్లో లేవు.

రేవు దగ్గర ఎక్కడో ఉన్నావు. నీటికి మేడంత ఎత్తులో, అంతకు మించి కాదు. అప్పుడు దబ్బనం అర్థమైంది, తారు వాసన అర్థమైంది. మన ఇంటి నుంచి నీళ్ల చప్పుడు వినపడదన్న సంగతి ఎలా మరిచిపోయానో. పోయిన వారం పడవ వచ్చినప్పుడు సరంగుని అడిగాను. అతను నీళ్లకేసి చూస్తూ, "అమ్మగారు బాగానే ఉన్నారండి" అని మాత్రం అన్నాడు. మంచి స్నేహితుణ్ణి సంపాదించావు.

కోపం లేదని చెబితే అబద్ధం. రెండు రోజులు ఉంది. ఇన్ని సాయంత్రాలు నేను కళ్లు మూసుకుని మెట్లెక్కి వెళ్లింది తాళం వేసి ఉన్న ఇంటికా అని. తర్వాత ఇంకో సంగతి తట్టి కోపం చల్లారింది. ఈ తొమ్మిదేళ్లూ నేను ఆ కిటికీకే ఉత్తరాలు రాశాను. అక్కడ ఒక మనిషి కూర్చుని ఉందని గుర్తుపెట్టుకున్నాను గానీ, ఆ మనిషి లేచి ఎటైనా వెళ్లగలదని ఎప్పుడూ అనుకోలేదు.

భయం మాత్రం పోవడం లేదు. అడగక తప్పదు కాబట్టి అడుగుతున్నాను. నువ్వు వదిలింది ఇంటినా, నన్నా?

ఏం జవాబు చెప్పినా యాంటెన్నా దించను. అది పడవల కోసమని కాగితం మీద రాశాను, అందులో మార్పు లేదు. వచ్చే పడవకి నా పని అయిపోతుంది. దిగాక కొండ ఎక్కాలా వద్దా, అది చెప్పు చాలు.

నీ స్తంభం


ప్రియమైన స్తంభంగారికి,

సూటిగా అడిగారు. సూటిగానే చెబుతాను.

మీరు వెళ్లాక, ఎదురుచూడను అన్నదాన్ని, మూడు సాయంత్రాలు కిటికీ దగ్గరకే వెళ్లాను. నా కాళ్లు నా మాట వినలేదు. నాలుగో రోజు నా మీద నాకే అసహ్యం వేసి కొండ దిగాను. ఊరికే, నీళ్ల దాకా నడుద్దామని. రేవు పక్కన పడవలకి టార్పాలిన్లు కుట్టే దుకాణం ఉంది కదా, అది నడిపే అక్క ఒక్కతే అంత గుడ్డా ముందేసుకుని అవస్థ పడుతోంది. ఆ చివర పట్టుకున్నాను. సాయంత్రానికి దబ్బనం చేతికి వచ్చింది. పైన ఖాళీ గది ఉంది, ఉంటావా అంది. ఉంటానన్నాను. బట్టలూ, గిన్నెలూ, మీ పెట్టే తెచ్చుకున్నాను. తాళంచెవి పిన్నిగారికి ఇచ్చాను.

ఇంటినా, మిమ్మల్నా అని అడిగారు. ఆ తాళం వేస్తున్నప్పుడు రెండింటినీ అనే అనుకున్నాను. అది మీకు తెలియాలి. అయినా మీ పెట్టెని బట్టల మధ్య చుట్టి మరీ తెచ్చుకున్నాను.

వారానికి మీ ఉత్తరం అంది, ఈ గదిలో పెట్టె తిప్పిన మొదటి సాయంత్రం హోరు తప్ప ఏమీ లేకపోతే, మంచిదే అనుకున్నాను. రెండో సాయంత్రం ఆ దగ్గు వినిపించింది. రూలుకి భయపడే మనిషి నాకోసం దగ్గుతున్నాడు, అది సరస్సంతా దాటి వచ్చేసరికి గింజంత మిగిలింది. ఆ గింజ కోసం రోజంతా కుట్టుకుంటూ పొద్దుగూకే దాకా ఉండేదాన్ని. దాన్ని ఎదురుచూడటం అంటారేమో నాకు తెలియదు. చేతిలో పని ఉండగా చూస్తే అంత బరువుగా లేదు.

మీకు చెప్పకపోవడానికి కారణం మీ కిటికీ. అది లేకపోతే ఒక్క వారం ఉండలేనని మీరే రాశారు. ఎలా చెప్పను?

కానీ ఇంకో సంగతి ఉంది, అది మీ లెక్కలో రాలేదు. పూర్తి ఎత్తుకి పోతే మన ఇంటికి వినపడదని మీరే వివరంగా రాశారు కదా. నేను దాన్ని బాగా చదివాను, మీ ఉత్తరాలు నేను బాగానే చదువుతాను. మీ గొంతు అంత స్పష్టంగా వినిపించిన సాయంత్రం నాకు అర్థమైంది, విన్నానని రాస్తే మీరు కూర్చుని లెక్క వేస్తారని. "వినపడలేదు" అని ఒక్క ముక్క రాస్తే చాలు, మీకు ఎప్పటికీ తెలిసేది కాదు. మీ కిటికీ మీకు ఉండేది, నా గది నాకు ఉండేది. మొదటి ఉత్తరంలో అలాగే రాసి చింపాను. రెండోదాంట్లోనూ అదే రాసి చింపాను. మూడోదాంట్లో విన్నానని రాశాను.

మీరు కనిపెట్టలేదు. నేను చెప్పాను.

ఇక ఆ కిటికీ దగ్గరకి రాను. పని మానను. మిమ్మల్ని స్తంభాలు మానమనీ అనను. మీరు తిరిగినన్నాళ్లు తిరగండి, వచ్చినప్పుడు ఇక్కడికి రండి. గది చిన్నది, తారు వాసన వస్తుంది, పొద్దున్నే పడవల వాళ్లు కేకలేసుకుంటారు. మూడో మెట్టు ఇక్కడ కూడా కదులుతుంది, బాగుచేయించొద్దని అక్కకి చెప్పాను.

కొండ ఎక్కకండి. పడవ దిగి కుడివైపు తిరగండి. కింద దుకాణం, పైన నేను.

మీ దబ్బనం